రిలేషనల్ డేటాబేస్‌లలో స్థిర పొడవు పాఠ్య కాలమ్‌ల పోలిక

రిలేషనల్ డేటాబేస్‌లో ఒక కాలమ్‌ను ‘చార్(5)’ అని ప్రకటిస్తే, అందులో రాసే ప్రతి విలువకూ ఐదు అక్షరాల పొడవు ఖాయం. రెండక్షరాలే రాస్తే మిగిలిన మూడు చోట్లను డేటాబేస్ స్పేస్‌లతో నింపుతుంది. ఇలాంటి కాలమ్‌ను స్థిర పొడవు పాఠ్య కాలమ్ అంటారు. రాసినంత మేరకే పొడవు ఉండే కాలమ్ ‘వార్‌చార్’. చార్ కాలమ్‌లో చివర చేరిన స్పేస్‌లు విలువలో భాగమా, లేక చోటు నింపడానికి వచ్చినవేనా అన్న ప్రశ్న రెండు విలువలను పోల్చేటప్పుడు ఎదురవుతుంది. దీనికి ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్, డీబీ2, ఎస్‌క్యూలైట్ ఒకే జవాబు ఇవ్వవు. ఎదుటి విలువ ఏ రకానిది, ఏ కొలేషన్ అమలులో ఉంది, వాడిన ఆపరేటర్ ఏది అన్నదాన్ని బట్టి ఒకే డేటాబేస్ కూడా వేర్వేరు జవాబులు ఇస్తుంది. కాబట్టి రెండు పాఠ్య విలువలు సమానమా కాదా అన్నది నిల్వలోని అక్షరాలను చూసి చెప్పగలిగేది కాదు. పోల్చే నియమం కూడా తెలియాలి.

నేపథ్యం

స్థిర పొడవు గడులు డేటాబేస్‌ల కంటే పాతవి. ఐబీఎం 1928లో తెచ్చిన పంచ్ కార్డులో 80 నిలువు వరుసలుండేవి. పేరుకు ఇన్ని వరుసలు, ఊరికి ఇన్ని, మొత్తానికి ఇన్ని అని ముందే పంచుకునేవారు. గళ్లు గీసిన దరఖాస్తు ఫారంలో పేరు రాశాక మిగిలిన గళ్లను వదిలేసినట్టే, కార్డులోనూ మిగిలిన వరుసలు ఖాళీగా ఉండేవి. టేపులు, డిస్కులు వచ్చాక కూడా ఈ పద్ధతి నిలిచింది. రికార్డు పొడవు 40 బైట్లని తెలిస్తే వెయ్యో రికార్డు ఎక్కడ మొదలవుతుందో ఒక గుణకారంతో తేలిపోతుంది.

1959లో రూపకల్పన మొదలైన కోబాల్ భాషలో పాఠ్య గడిని ‘పిక్ ఎక్స్(5)’ లాంటి ప్రకటనతో, ఇన్ని అక్షరాలని లెక్క కట్టి చెబుతారు. పొడవులు వేరైన రెండు గడులను పోల్చేటప్పుడు పొట్టిదాని కుడివైపున స్పేస్‌లు ఉన్నట్టు భావించాలన్నది కోబాల్ నియమం. వ్యాపార ప్రపంచంలోని డేటా చాలావరకు ఇలాంటి ఫైళ్లలోనే ఉన్న కాలంలో, 1970లో ఐబీఎం పరిశోధకుడు ఇ.ఎఫ్. కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ సీక్వెల్ అనే ప్రశ్నల భాషను ప్రకటించారు. అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. 1986లో అమెరికా ప్రమాణ సంస్థ ఆన్సి, 1987లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థ ఐఎస్‌ఓ దాన్ని ప్రమాణంగా ఆమోదించాయి. ఆ తొలి ప్రమాణంలో పాఠానికి స్థిర పొడవు రకం ఒక్కటే ఉంది. వార్‌చార్ 1992 నాటి ప్రమాణంలో చేరింది. కోబాల్ ఫైళ్ల నుంచి వచ్చిన విలువలు కొత్త టేబుల్స్‌లోనూ పాత పద్ధతిలోనే కలవాలన్న అవసరం చార్ పోలికలో ఇప్పటికీ కనిపిస్తుంది.

ప్రమాణంలోని నియమం

ఎస్‌క్యూఎల్-92 ప్రమాణం రెండు పాఠ్య విలువల పోలికను ఇలా నిర్వచిస్తుంది: పొడవులు వేరైతే పొట్టి విలువను పొడుగు విలువతో సమానమయ్యేదాకా కుడివైపున పొడిగించి, ఆపైన పోల్చాలి. పొడిగించడానికి ఏ అక్షరం వాడాలన్నది కొలేషన్ చెబుతుంది. కొలేషన్ అంటే అక్షరాల సమానత్వాన్నీ వరుస క్రమాన్నీ నిర్ణయించే నియమాల సమితి.

కొలేషన్‌కు ‘ప్యాడ్ స్పేస్’ లక్షణం ఉంటే పొడిగింపు స్పేస్‌లతో జరుగుతుంది. అప్పుడు చివరి స్పేస్‌లు సమానత్వాన్ని మార్చవు. ‘నో ప్యాడ్’ లక్షణం ఉంటే, అక్షర సమితిలో లేని, అన్నిటికంటే ముందు వచ్చే ఒక ఊహా అక్షరంతో పొడిగించినట్టు భావించాలి. అప్పుడు ఒక్క స్పేస్ తేడా ఉన్నా విలువలు వేరే. కోబాల్ పద్ధతికీ, బైట్లు యథాతథంగా కలవాలనే పద్ధతికీ ప్రమాణం ఇలా రెంటికీ చోటిచ్చింది. ఎంపికను తయారీదారులకు వదిలింది. ఇవాళ్టి తేడాల్లో చాలావాటికి మూలం ఇదే.

ఇక్కడ చెప్పిన పొడిగింపు పోలిక కోసం ఊహించుకునేది. చార్ కాలమ్‌లో విలువను నిల్వ చేసేటప్పుడు జరిగే నింపడం వేరే పని. ఈ రెంటినీ కలిపి చూడటం వల్ల చాలా గందరగోళం పుడుతుంది. వార్‌చార్‌లో నిల్వ చేసేటప్పుడు ఏమీ నింపరు. అయినా ప్యాడ్ స్పేస్ నియమం ఉన్న చోట వార్‌చార్ విలువల చివరి స్పేస్‌లు కూడా పోలికలో లెక్కలోకి రావు.

ఒక ఉదాహరణ: స్టేషన్ కోడ్‌లు

భారతీయ రైల్వే స్టేషన్ కోడ్‌ల పొడవు ఒకేలా ఉండదు. సికింద్రాబాద్‌కు ఎస్‌సీ అనే రెండు రోమన్ అక్షరాలు, విజయవాడకు బీజెడ్‌ఏ అనే మూడు, విశాఖపట్నానికి వీఎస్‌కేపీ అనే నాలుగు. వీటిని దాచడానికి ‘స్టేషన్లు’ అనే టేబుల్‌లో ‘కోడ్’ అనే చార్(5) కాలమ్ పెట్టామనుకుందాం. సికింద్రాబాద్ వరుసలో రెండక్షరాలు, మూడు స్పేస్‌లు ఉంటాయి. విజయవాడకు రెండు స్పేస్‌లు, విశాఖకు ఒకటి.

‘కోడ్ ఎస్‌సీతో సమానమైన వరుస ఇవ్వు’ అని ఒరాకిల్‌లో కొటేషన్ల మధ్య నేరుగా రాసి అడిగితే సికింద్రాబాద్ వస్తుంది. అదే రెండక్షరాలను ప్రోగ్రాం నుంచి వార్‌చార్2 (ఒరాకిల్‌లో మారే పొడవు రకం) బైండ్ వేరియబుల్‌గా, అంటే ప్రశ్నలో రాయకుండా విడిగా పంపితే ఒక్క వరుస కూడా రాదు. పోస్ట్‌గ్రెస్‌లో నేరుగా రాసినా, టెక్స్ట్ రకంగా పంపినా వస్తుంది. కానీ టెక్స్ట్ రకం విలువలోనే చివర స్పేస్‌లు ఉంటే రాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో స్పేస్‌లు ఉన్నా లేకున్నా వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో స్పేస్‌లు లేకుండా అడిగితే వస్తుంది, స్పేస్‌లతో అడిగితే కొలేషన్‌ను బట్టి ఉంటుంది. టేబుల్ ఒకటే, అడిగింది ఒకటే అయినా జవాబులు ఇన్ని రకాలు.

డేటాబేస్‌ల వారీగా

*ఒరాకిల్.* ఒరాకిల్‌లో చార్ గరిష్ఠ పొడవు 2000 బైట్లు. పోలికకు రెండు పద్ధతులున్నాయి. రెండు వైపులా చార్, ఎన్‌చార్ లేదా కొటేషన్లలో రాసిన నేరు విలువలే ఉంటే స్పేస్‌లతో పొడిగించి పోల్చుతుంది. ఒక్క వైపు వార్‌చార్2 ఉన్నా పొడిగించదు, స్పేస్‌లు కూడా అక్షరాలుగా లెక్కకు వస్తాయి. పై ఉదాహరణలో నేరు విలువ పని చేసి బైండ్ వేరియబుల్ పని చేయకపోవడానికి కారణం ఇదే. జావా ప్రోగ్రాంల కోసం ఒరాకిల్ జేడీబీసీ డ్రైవర్‌లో ‘సెట్ ఫిక్స్‌డ్ చార్’ అనే ప్రత్యేక మెథడ్ ఉంది. దానితో పంపిన విలువను పొడిగించి పోల్చుతారు.

ఈ ద్వంద్వానికి చరిత్ర ఉంది. ఒరాకిల్ 6వ వెర్షన్‌లో చార్ అన్నది రాసినంత మేరకే ఉండేది. 7వ వెర్షన్‌లో దాన్ని ప్రమాణానికి తగ్గట్టు స్థిర పొడవుకు మార్చి, పాత ప్రవర్తనకు వార్‌చార్2 అనే పేరు పెట్టారు. వార్‌చార్ అన్న పేరుకు ముందు ముందు వేరే పోలిక నియమం రావచ్చు కాబట్టి వార్‌చార్2నే వాడమని ఒరాకిల్ పత్రాలు సలహా ఇస్తాయి. ఒరాకిల్ ఖాళీ పాఠాన్ని నల్‌గా పరిగణిస్తుంది. కాబట్టి చార్(5)లో ఖాళీ పాఠం రాస్తే ఐదు స్పేస్‌లు కాక నల్ చేరుతుంది.

*ఎస్‌క్యూఎల్ సర్వర్.* చార్ గరిష్ఠ పొడవు 8000 బైట్లు. ఇది ప్యాడ్ స్పేస్ నియమాన్ని చార్‌కూ వార్‌చార్‌కూ ఒకేలా వర్తింపజేస్తుంది. చివరి స్పేస్‌లు ఎన్ని ఉన్నా సమానత్వం మారదు. ‘ఆన్సి ప్యాడింగ్’ అనే సెట్టింగ్ నిల్వను మాత్రమే ప్రభావితం చేస్తుంది, పోలికను కాదు. పొడవు కొలిచే ‘లెన్’ ఫంక్షన్ చివరి స్పేస్‌లను వదిలేస్తుంది, ‘డేటాలెంగ్త్’ బైట్లన్నీ లెక్కబెడుతుంది. విలువలు నిజంగా ఒకటేనా అని తేల్చుకోవాలంటే రెండోది కూడా పోల్చి చూడాలి.

*పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.* ఇక్కడ చార్ రకానికి లోపలి పేరు ‘బీపీచార్’, అంటే స్పేస్‌లతో నింపిన చార్. రెండు చార్ విలువలను పోల్చేటప్పుడు చివరి స్పేస్‌లను తీసేసి చూస్తారు. చార్‌ను టెక్స్ట్‌గా మార్చేటప్పుడు కూడా అవి రాలిపోతాయి. అందువల్ల చార్ కాలమ్‌ను టెక్స్ట్ విలువతో పోల్చితే చార్ వైపు స్పేస్‌లు పోతాయి, టెక్స్ట్ వైపు స్పేస్‌లు ఉండిపోతాయి. టెక్స్ట్ విలువ ‘ఎస్‌సీ, ఆపైన మూడు స్పేస్‌లు’ అయితే నిల్వలో అచ్చంగా అవే అక్షరాలు ఉన్నా సమానం కాదని జవాబు వస్తుంది. ‘లెంగ్త్’ ఫంక్షన్ చార్ విలువకు రెండు అని చెబితే, ‘ఆక్టెట్ లెంగ్త్’ ఐదు అని చెబుతుంది.

*మైఎస్‌క్యూఎల్.* చార్ గరిష్ఠ పొడవు 255 అక్షరాలు. చార్ విలువను చదివేటప్పుడు చివరి స్పేస్‌లను తీసేసి ఇవ్వడం ఇక్కడి పద్ధతి. రాసినవాళ్లు కావాలని చివర స్పేస్ పెట్టినా అది తిరిగి రాదు. ఎదుటి విలువలోని స్పేస్‌ల సంగతి కొలేషన్‌ను బట్టి ఉంటుంది. పాత కొలేషన్లు చాలావరకు ప్యాడ్ స్పేస్. 2018లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి డిఫాల్ట్ అయిన యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ నో ప్యాడ్. అంటే వెర్షన్ మారిన తర్వాత కొత్తగా కట్టిన టేబుల్‌లో చివరి స్పేస్‌తో అడిగిన ప్రశ్నకు జవాబు మారుతుంది. పాత టేబుల్స్ తమ పాత కొలేషన్‌తోనే కొనసాగుతాయి కాబట్టి ఒకే డేటాబేస్‌లో రెండు నియమాలు పక్కపక్కనే ఉండవచ్చు. ఏ కొలేషన్‌కు ఏ లక్షణమో ఇన్ఫర్మేషన్ స్కీమాలోని కొలేషన్ల టేబుల్‌లో ‘ప్యాడ్ ఆట్రిబ్యూట్’ కాలమ్ చూస్తే తెలుస్తుంది.

*డీబీ2.* చార్ గరిష్ఠ పొడవు 255 బైట్లు. మామూలు అమరికలో పొట్టి విలువను స్పేస్‌లతో పొడిగించి పోల్చడమే దీని పద్ధతి. చార్, వార్‌చార్ రెంటికీ అదే వర్తిస్తుంది.

*ఎస్‌క్యూలైట్.* చార్(5) అని ప్రకటించినా పొడవును పట్టించుకోదు. నింపదు, కత్తిరించదు, మామూలు టెక్స్ట్‌గా చూస్తుంది. డిఫాల్ట్ కొలేషన్ ‘బైనరీ’ బైట్లను బైట్లతో పోల్చుతుంది. చివరి స్పేస్‌లను వదిలేయాలంటే ‘ఆర్‌ట్రిమ్’ అనే కొలేషన్‌ను కాలమ్‌కు ప్రకటించాలి.

| డేటాబేస్ | చార్ సమానత్వంలో చివరి స్పేస్‌లు | మార్పు తెచ్చే అంశం |
|---|---|---|
| ఒరాకిల్ | రెండు వైపులా చార్ అయితే లెక్కకు రావు | ఎదుటి వైపు వార్‌చార్2 |
| ఎస్‌క్యూఎల్ సర్వర్ | లెక్కకు రావు | లైక్ ఆపరేటర్ |
| పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ | రెండు వైపులా చార్ అయితే లెక్కకు రావు | ఎదుటి వైపు టెక్స్ట్ |
| మైఎస్‌క్యూఎల్ | కాలమ్ నుంచి తీసేస్తుంది | ఎదుటి విలువకు కొలేషన్ లక్షణం |
| డీబీ2 | లెక్కకు రావు | అనుకూలత సెట్టింగులు |
| ఎస్‌క్యూలైట్ | లెక్కకు వస్తాయి | ఆర్‌ట్రిమ్ కొలేషన్ |

లైక్‌తో పోలిక

సమాన గుర్తుకు ఉన్న పొడిగింపు నియమం లైక్ ఆపరేటర్‌కు లేదు. లైక్ ఒక నమూనాతో అక్షరం వెంట అక్షరం సరిపోల్చుతుంది. ఒరాకిల్‌లోనూ పోస్ట్‌గ్రెస్‌లోనూ చార్(5) కాలమ్‌ను ఎస్‌సీ అనే నమూనాతో లైక్ పెట్టి అడిగితే సికింద్రాబాద్ రాదు, నిల్వలో ఉన్న మూడు స్పేస్‌లకు నమూనాలో జోడీ లేదు. నమూనా చివర శాతం గుర్తు పెడితే వస్తుంది కానీ, ఆ రెండక్షరాలతో మొదలయ్యే మిగతా కోడ్‌లన్నీ దానితోపాటే వస్తాయి.

ఎస్‌క్యూఎల్ సర్వర్ మధ్యేమార్గం పట్టింది. నమూనాలో చివర స్పేస్ లేకపోతే కాలమ్‌లోని చివరి స్పేస్‌లను వదిలేస్తుంది. నమూనాలోనే స్పేస్ ఉంటే అది విలువలోనూ ఉండి తీరాలి. నమూనాను చార్ రకం వేరియబుల్‌లో పెట్టినప్పుడు ఈ నియమం దెబ్బ కొడుతుంది. ఆ వేరియబుల్ తన పొడవు మేరకు స్పేస్‌లు నింపుకుంటుంది, అవి నమూనాలో భాగమవుతాయి, వార్‌చార్ కాలమ్‌లో ఏదీ కలవదు.

వరుస క్రమం

పోలిక అంటే సమానత్వమే కాదు, ఏది ముందు, ఏది వెనుక అన్నదీ అందులో భాగమే. పొడిగించి పోల్చడం, కత్తిరించి పోల్చడం ఒకటేనని అనిపిస్తుంది. సమానత్వం వరకు నిజమే, క్రమం దగ్గర కాదు. ఆస్కీలో స్పేస్ విలువ 32, ట్యాబ్ విలువ 9, కొత్త వరుస గుర్తు విలువ 10. మైఎస్‌క్యూఎల్‌లో ప్యాడ్ స్పేస్ కొలేషన్ ఉంటే, ఒకే అక్షరం ఉన్న విలువను అదే అక్షరం, ఆపైన ట్యాబ్ ఉన్న విలువతో పోల్చినప్పుడు పోటీ స్పేస్‌కూ ట్యాబ్‌కూ మధ్య జరుగుతుంది. ట్యాబ్ చిన్నది కాబట్టి పొడుగు విలువ ముందుకు వస్తుంది. పోస్ట్‌గ్రెస్ చార్‌లో ‘సి’ కొలేషన్ కింద స్పేస్‌లు తీసేశాక పొట్టి విలువ అక్కడితో అయిపోతుంది. కాబట్టి పొట్టిదే ముందు. ఈ రెండు డేటాబేస్‌ల మధ్య డేటా తరలించేటప్పుడు వరుసలు తారుమారు కావడానికి ఇదొక కారణం.

ఐబీఎం మెయిన్‌ఫ్రేములు వాడే ఎబ్సిడిక్ సంకేతంలో స్పేస్ 64, స్మాల్ లెటర్ ఏ 129, క్యాపిటల్ ఏ 193, సున్నా 240. అంటే అక్షరాల తర్వాత అంకెలు, స్మాల్ తర్వాత క్యాపిటల్. ఆస్కీలో ఇది తలకిందులు: సున్నా 48, క్యాపిటల్ ఏ 65, స్మాల్ ఏ 97. మెయిన్‌ఫ్రేమ్ డీబీ2 నుంచి వేరే చోటికి మారిన అప్లికేషన్లలో ‘ఈ కోడ్ నుంచి ఆ కోడ్ దాకా’ అని అడిగే ప్రశ్నలు వేరే వరుసలు ఇవ్వడం ఇందువల్లే.

క్రమం కాలంతో కూడా మారుతుంది. లినక్స్‌లోని జీలిబ్‌సీ లైబ్రరీ 2018లో 2.28 వెర్షన్‌లో కొలేషన్ నియమాలను పెద్ద ఎత్తున మార్చింది. పోస్ట్‌గ్రెస్ ఆ లైబ్రరీ మీద ఆధారపడి కట్టిన పాఠ్య ఇండెక్సుల్లోని పాత వరుస, కొత్త నియమంతో పొసగలేదు. ఉన్న విలువ దొరకకపోవడం, ఏకైకంగా ఉండాల్సినవి రెండుసార్లు చేరడం లాంటి నష్టాలకు అది దారి తీసింది. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాక ఇండెక్సులను మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది.

జాయిన్, ఏకైకత, ఇండెక్సులు

సమానత్వ నియమం ఒక్క ప్రశ్నతో ఆగదు. గ్రూప్ బై, డిస్టింక్ట్, యూనిక్ నిబంధన, ఫారిన్ కీ, జాయిన్ అన్నీ దాని మీదే నడుస్తాయి. ప్యాడ్ స్పేస్ ఉన్న చోట వార్‌చార్ కాలమ్‌కు యూనిక్ నిబంధన పెడితే, చివర స్పేస్ ఉన్నదీ లేనిదీ ఒకటే విలువ, రెండోది చేర్చనివ్వదు. ఒరాకిల్ వార్‌చార్2లో రెండూ చేరతాయి. పోస్ట్‌గ్రెస్ తన చార్ రకానికి విడిగా హ్యాష్ ఫంక్షన్ రాసుకుంది. సమానమైన రెండు విలువలకు ఒకే హ్యాష్ రావాలి కాబట్టి అది కూడా స్పేస్‌లు తీసేశాకే లెక్క కడుతుంది.

ఒరాకిల్‌లో ఒక టేబుల్‌లోని చార్(5) కోడ్‌ను మరో టేబుల్‌లోని వార్‌చార్2(5) కోడ్‌తో జాయిన్ చేస్తే వచ్చే చిక్కు గమనించదగ్గది. ఐదక్షరాలూ నిండిన కోడ్‌లు కలుస్తాయి. నాలుగు, అంతకంటే తక్కువ ఉన్నవి కలవవు. ఎర్రర్ ఏమీ రాదు. పరీక్ష కోసం తీసుకున్న డేటాలో కోడ్‌లన్నీ నిండు పొడవువే అయితే లోపం బయటపడదు. అసలు వాడకంలో కొన్ని వరుసలు నిశ్శబ్దంగా తప్పిపోతాయి, మొత్తాలు తగ్గుతాయి. పూర్తిగా విఫలమైన ప్రశ్నను ఎవరైనా పట్టుకుంటారు. సగం పని చేసిన ప్రశ్న నెలల తరబడి నివేదికల్లో తిరుగుతుంది. చార్ పోలికలో అసలైన ప్రమాదం ఇదే.

దీన్ని సరిచేయడానికి చాలామంది కాలమ్‌కు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ ఫంక్షన్ తగిలిస్తారు. జవాబు సరిగ్గా వస్తుంది కానీ, కాలమ్ మీద ఫంక్షన్ ఉంది కాబట్టి మామూలు ఇండెక్స్ పనికిరాదు. ఆ ఫంక్షన్ మీదే ఇండెక్స్ కట్టాలి, లేదా కాలమ్‌ను అలాగే ఉంచి ఎదుటి విలువను ‘ఆర్‌ప్యాడ్’తో నింపాలి, లేదా చార్‌గా క్యాస్ట్ చేయాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇలాంటిదే మరో రూపం కనిపిస్తుంది. దాని జేడీబీసీ డ్రైవర్ పాఠ్య విలువలను డిఫాల్ట్‌గా యూనికోడ్ రకంగా పంపుతుంది. కాలమ్ చార్ అయితే కాలమ్‌నే యూనికోడ్‌లోకి మార్చి పోల్చాల్సి వస్తుంది. ఎస్‌క్యూఎల్ అనే పేరుతో మొదలయ్యే పాత కొలేషన్లలో ఇండెక్స్‌లో నేరుగా వెతికే అవకాశం పోయి, మొత్తం ఇండెక్స్ తిరగేయాల్సి వస్తుంది.

క్యాపిటల్, స్మాల్ అక్షరాలు

మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ కొలేషన్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో విస్తృతంగా ఉన్న కొలేషన్లు క్యాపిటల్, స్మాల్ తేడా చూడవు. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ డిఫాల్ట్‌గా చూస్తాయి. ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం ఉండే 10 గుర్తుల పాన్ నంబరుకు, 11 గుర్తుల ఐఎఫ్‌ఎస్‌సీకి తేడా చూడకపోవడమే మేలు. ఎవరు ఎలా టైప్ చేసినా ఒకటే కావాలి. కానీ 60 గుర్తుల బీక్రిప్ట్ పాస్‌వర్డ్ హ్యాష్‌ను అదే కొలేషన్‌తో ఉంచితే రెండు వేరు హ్యాష్‌లు సమానమని తేలే అవకాశం ఉంటుంది. అక్కడ బైనరీ కొలేషన్ తప్పనిసరి. పొడవు స్థిరంగా ఉందన్న కారణంతో అన్నిటికీ ఒకే నియమం పెట్టకూడదు.

తెలుగు పాఠం

స్థిర పొడవు అన్న భావన ఒక అక్షరానికి ఒక బైటు ఉన్న రోజుల్లో పుట్టింది. తెలుగులో ఆ లెక్క మారిపోతుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్ పాయింట్‌కు (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చే సంఖ్యకు) 3 బైట్లు. ‘తెలుగు’ అన్న మాటలో కంటికి మూడక్షరాలే కనిపించినా త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి 6 కోడ్ పాయింట్లు, 18 బైట్లు. ‘శ్రీ’ ఒక్క అక్షరమే అయినా 4 కోడ్ పాయింట్లు, 12 బైట్లు. ఒరాకిల్‌లో చార్(10) డిఫాల్ట్‌గా 10 బైట్లు కాబట్టి ‘శ్రీ’ కూడా అందులో పట్టదు. ‘10 చార్’ అని విడిగా చెబితే కోడ్ పాయింట్ల లెక్క వస్తుంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ కోడ్ పాయింట్లే లెక్కిస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ చార్‌లో సంఖ్య బైట్లకు చెందుతుంది. దాని ఎన్‌చార్‌లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కు 2 బైట్ల చోటు ఒకటి సరిపోతుంది.

పోలికలో మరో రెండు చిక్కులున్నాయి. ఐత్వాన్ని (ై) యూనికోడ్‌లో ఒకే కోడ్ పాయింట్‌గా రాయవచ్చు, లేదా ఎత్వం (ె), దాని కింద వచ్చే గుర్తు (ౖ) అని రెండుగానూ రాయవచ్చు. యూనికోడ్ ప్రమాణం ప్రకారం ఈ రెండూ సమానం. ‘చైత్ర’ అన్న పేరు రెండు విధాలా చేరితే తెర మీద తేడా కనిపించదు, బైట్లతో పోల్చే కొలేషన్‌లో మాత్రం అవి రెండు వేరు పేర్లు. చేర్చేముందే ఎన్‌ఎఫ్‌సీ అనే నియత రూపంలోకి మార్చడం దీనికి మందు. పోస్ట్‌గ్రెస్‌లో 13వ వెర్షన్ నుంచి ‘నార్మలైజ్’ ఫంక్షన్ ఉంది. 12వ వెర్షన్ నుంచి ఐసీయూ లైబ్రరీ ఆధారంగా ఇలాంటి రూపాలను సమానంగా చూసే కొలేషన్లనూ తయారు చేసుకోవచ్చు.

రెండోది, కంటికి కనిపించని విడదీత గుర్తు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి దాన్ని పెడతారు. ఒకరు పెడతారు, మరొకరు పెట్టరు. ఊరి పేర్లు, ఇంటిపేర్లు ఉన్న టేబుల్స్‌లో ఇది చివరి స్పేస్ లాగే పోలికను చెడగొడుతుంది. పైగా ట్రిమ్‌తో పోదు. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు చేరే విడదీయరాని స్పేస్ కూడా అలాంటిదే. చూడటానికి స్పేస్ లాగే ఉన్నా దాని కోడ్ వేరు, ప్యాడ్ స్పేస్ నియమం దానికి వర్తించదు.

అంకెలతో నిండిన కోడ్‌లు

పిన్ కోడ్‌ను చార్(6)గా పెట్టి, ప్రశ్నలో కొటేషన్లు లేకుండా 500001 అని రాస్తే అది పాఠానికీ సంఖ్యకూ మధ్య పోలిక. ఒరాకిల్ కాలమ్‌లోని ప్రతి విలువనూ సంఖ్యగా మార్చి చూస్తుంది. ఇండెక్స్ వాడదు, మారని విలువ ఒక్కటి తగిలినా ఎర్రర్ ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్ రెంటినీ ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలుగా పోల్చుతుంది. పోస్ట్‌గ్రెస్ అలాంటి ఆపరేటరే లేదని ఆపేస్తుంది. ఈ కఠినత్వమే క్షేమం. భారతీయ పిన్ కోడ్‌లు సున్నాతో మొదలు కావు కాబట్టి కోడ్‌ను సంఖ్యగా చూసే తప్పు ఇక్కడ బయటపడకపోవచ్చు. తెలుగువాళ్లు చాలామంది ఉన్న న్యూజెర్సీ ఎడిసన్‌లో జిప్ కోడ్ 08820. దాన్ని సంఖ్యగా మారిస్తే ముందున్న సున్నా పోతుంది. కోడ్ అంకెలతో ఉన్నా అది పాఠమే, పాఠంగానే పోల్చాలి.

నిల్వ, వేగం

చార్ వేగవంతమన్న నమ్మకం రికార్డు పొడవులు నిజంగా స్థిరంగా ఉన్న కాలం నాటిది. పోస్ట్‌గ్రెస్ చార్‌ను కూడా మారే పొడవు రకంగానే దాస్తుంది. అదనపు స్పేస్‌ల చోటు వల్ల మూడు పాఠ్య రకాల్లో సాధారణంగా అదే నెమ్మదిదని దాని పత్రాలే చెబుతాయి. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ స్టోరేజ్ ఇంజిన్ యూటీఎఫ్-8 లాంటి సంకేతాల్లో చార్ విలువల చివరి స్పేస్‌లను వీలైనంత కత్తిరించి దాస్తుంది. ప్రతి విలువా ఒకే పొడవున్న కోడ్‌కు చార్ వల్ల నష్టం లేదు. పొడవు మారే పేర్లకు, చిరునామాలకు చార్ వల్ల చోటూ పోతుంది, పోలిక చిక్కులూ తప్పవు.

రూపకల్పనలో పాటించదగినవి

చార్ నిజంగా సరిపోయేది ప్రతి విలువా నిండు పొడవులో ఉండే చోటే: పాన్, ఐఎఫ్‌ఎస్‌సీ, 15 గుర్తుల జీఎస్‌టీఐఎన్, మూడక్షరాల కరెన్సీ కోడ్, 64 గుర్తుల షా-256 హ్యాష్. వీటిలో నింపే అవసరమే రాదు కనుక నింపిన స్పేస్‌ల వల్ల డేటాబేస్‌ల మధ్య వచ్చే తేడాలేవీ తగలవు. విలువ నిండు పొడవులోనే ఉందని చెక్ నిబంధనతో ఖాయం చేయాలి. స్టేషన్ కోడ్‌ల లాంటి మారే పొడవు కోడ్‌లకు వార్‌చార్ మేలు. భాషా కోడ్‌లదీ అదే దారి. తెలుగుకు ఒక ప్రమాణంలో టీఈ అనే రెండక్షరాలు, మరో ప్రమాణంలో టీఈఎల్ అనే మూడు. రెంటికీ సరిపోతుందని చార్(3) పెడితే రెండక్షరాల కోడ్‌కు స్పేస్ తగులుకుని, ఒరాకిల్ లాంటి చోట అది అప్లికేషన్ దాకా వస్తుంది.

ఒకే కోడ్ ఎన్ని టేబుల్స్‌లో ఉన్నా అన్నిచోట్లా ఒకే రకం, ఒకే పొడవు, ఒకే కొలేషన్ ఉండాలి. ప్రోగ్రాం నుంచి పంపే విలువ రకాన్ని కాలమ్ రకంతో కలపాలి. చివరి స్పేస్‌లు, నియత రూపం, క్యాపిటల్ అక్షరాల సంగతి డేటా లోపలికి వచ్చేటప్పుడే తేల్చేయాలి. చదివే ప్రతి ప్రశ్నలో ట్రిమ్‌లు పెట్టుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట మరచిపోక తప్పదు. డేటాబేస్ మార్చేటప్పుడు, వెర్షన్ పెంచేటప్పుడు, చివర స్పేస్ ఉన్నవీ లేనివీ, నిండు పొడవువీ పొట్టివీ, క్యాపిటల్, స్మాల్ అక్షరాలవీ కలిపిన చిన్న పరీక్ష టేబుల్ ఒకటి కట్టి, సమాన గుర్తు, లైక్, జాయిన్, ఆర్డర్ బై నాలుగింటినీ పాత చోటా కొత్త చోటా నడిపి ఫలితాలు సరిచూడాలి. చార్ కాలమ్‌లున్న డేటాను నమ్మి జీతాలు, రిజర్వేషన్లు, ఖాతాలు నడిపే ప్రతి వ్యవస్థకూ ఈ పరీక్ష తప్పనిసరి. తప్పిపోయిన వరుస ఎక్కడా ఎర్రర్‌గా కనిపించదు కనుక, దాన్ని ముందే వెతికి పట్టుకోవడం తప్ప వేరే దారి లేదు.